క్రాసు ఖరీదు వందలు, సుత్తి దెబ్బ ఖరీదు వేలు

చిలుకూరు (మా విలేఖరి) : సాగర్ ఎడమ కాలువకు నీళ్ళు వదిలారన్న కబురు అందితే చాలు, చిలుకూరు మండలంలో ట్రాక్టరు చప్పుడు కోడి కూతకు ముందే మొదలవుతుంది. వీసాల దేవుడని పేరుబడ్డ బాలాజీ గుడి వున్న చిలుకూరు కాదిది. అది హైదరాబాదు పక్కన వున్నది. ఇది కోదాడ నుంచి హుజూర్‌నగర్ పోయే దారిలో వచ్చే చిలుకూరు. 2016 అక్టోబరులో సూర్యాపేట జిల్లా ఏర్పడే వరకు నల్లగొండ జిల్లాలో వుండేది. 1967లో సాగర్ కాలువలు పారిన నాటి నుంచి ఇక్కడి రైతు కాలెండరు కాలువను బట్టే నడుస్తున్నది. నీరు వచ్చిన కొద్ది రోజుల్లో దమ్ము పూర్తి కావాలి. దమ్ములో ట్రాక్టరు ఆగిందంటే కూలీలు ఆగుతారు, నారు ముదురుతుంది, వంతు నీరు దాటిపోతుంది.

అలా ట్రాక్టరు పనిని ఆపే వస్తువు ఒక్కోసారి అరచేతిలో ఇమిడేంతే వుంటుంది. దాని అసలు పేరు యూనివర్సల్ జాయింటు. షెడ్డుల్లో అంత పేరు ఎవరూ పలకరు. ‘క్రాసు’ అంటారు. ట్రాక్టరు వెనుక రోటావేటరును తిప్పే షాఫ్టుకు ఒక కొసన ఒకటి, మరో కొసన ఒకటి వుంటాయి. జీపుల కింద ప్రొపెల్లర్ షాఫ్టుకూ ఇవే. నాలుగు చక్రాలూ లాగే జీపు అయితే ముందుకో షాఫ్టు, వెనకకో షాఫ్టు. అంటే క్రాసులు నాలుగు.

గోనెసంచిలో వచ్చిన షాఫ్టు

మొన్నటి నాట్ల కాలంలో ఒక ఉదయం రోడ్డు పక్కన ఒక షెడ్డు ముందు ఈ విలేఖరి టీ తాగుతుండగా, ఒక పెద్దాయన కొడుకు మోటారు సైకిలు వెనుక కూర్చుని వచ్చి దిగాడు. ఒడిలో గోనెసంచి. అందులో రోటావేటరు షాఫ్టు. మోకాళ్ళ దాకా ఆరని బురద.

రాత్రి రెండో మడి కలుపుతుండగా క్రాసు పోయింది. తెల్లారితే నాట్లకు పన్నెండు మంది ఆడకూలీలు వస్తారు. కొత్త క్రాసు ఇంట్లోనే వున్నది, ఎప్పుడో కొని పెట్టుకున్నదే. కొడుకూ, డ్రైవరూ కలిసి లైటు వెలుగులో షాఫ్టును రాతి మీద పెట్టి పెద్ద సుత్తితో బాదారు. పాత క్రాసు వచ్చింది. దానితోపాటు సర్క్లిప్పు కూర్చునే గాడి అంచు ముక్కలై ఊడింది. ఎదుటి చెవి లోపలికి వంగింది.

మేస్త్రీ దాన్ని వెలుగులోకి తిప్పి చూశాడు.

“బాబాయ్, క్రాసు నేనే ఎక్కిస్తా. దాన్ని పట్టుకునే చెవేదీ?”

“వెల్డింగు పెట్టవయ్యా, ఈ పూటకు గడుస్తది.”

“ఈ పూట గడుస్తది గానీ, తిరిగేటప్పుడు ఊడితే షాఫ్టు ఎటు పోతదో నేను చెప్పలేను. యోకు తెప్పించు.”

క్రాసు ఖరీదు వందల్లో వుంటుంది. యోకు ఖరీదు వేలల్లోకి పోతుంది. ఆ యోకు కోసం కొడుకు కోదాడ పోయాడు. ఆ కొలత అక్కడ దొరకలేదు. మిర్యాలగూడ పోయాడు. ఆ రోజు పన్నెండు మంది కూలీలు గట్టు మీద కూర్చుని మధ్యాహ్నానికి వేరే పొలం చూసుకున్నారు. ఇంతా చేసి చెడిపోయిన అసలు వస్తువు వందల రూపాయలది.

ఇలాంటి యోకులు సీజనులో ఎన్ని వస్తాయని అడిగితే మేస్త్రీ షెడ్డు మూలకు చెయ్యి చూపించాడు. అక్కడ చెవులు వంగినవి, పగిలినవి కుప్పగా వున్నాయి. అరిగిపోయి వచ్చిన యోకు తక్కువ, దెబ్బలకు చచ్చిన యోకే ఎక్కువ అని ఆయన చెప్పాడు. పనిముట్టు ఎంపిక గురించి రాయాలన్న ఆలోచన ఆ కుప్పను చూసిన తర్వాతే కలిగింది.

సూదులూ, కప్పులూ

ముందు ఆ వస్తువు తీరు తెలియాలి. క్రాసు అంటే కూడిక గుర్తు ఆకారంలో వుండే ఉక్కు ముక్క. నాలుగు కొమ్ములు. ఒక్కో కొమ్ముకు టోపీలా ఒక కప్పు. కప్పు లోపల గోడ వెంట సన్నని సూది రోలర్లు వరుసగా నిలబడి వుంటాయి. కప్పులు యోకు చెవుల్లోని రంధ్రాలలో బిగుతుగా కూర్చుంటాయి. బయటికి జారకుండా సర్క్లిప్పులు కాపలా. రెండు కప్పులు ఒక యోకులో, రెండు ఎదుటి యోకులో. అందువల్లనే షాఫ్టు వంగిన కోణంలో కూడా తిరగగలుగుతుంది.

ఈ ఏర్పాటుకు ఇటలీకి చెందిన కార్డానో పేరు మీద కార్డన్ షాఫ్టు అనే పేరు వచ్చింది. ఆయన 16వ శతాబ్దం వాడు. మరుసటి శతాబ్దంలో ఇంగ్లండులో రాబర్ట్ హుక్ దీని నడకను లెక్కగట్టాడు. మోటారు కారుకు పనికివచ్చేలా మూతపెట్టిన జాయింటుకు అమెరికాలో క్లారెన్స్ స్పైసర్ 1903లో పేటెంటు పొందాడు. ముసలి మెకానిక్కులు కొందరు ఇప్పటికీ ‘స్పైసర్ జాయింటు’ అనడానికి కారణం అదే. యుద్ధకాలపు విల్లీస్ జీపుతోనూ, తర్వాత మహీంద్రా జీపుతోనూ అది మన మట్టి రోడ్లకు వచ్చింది.

వంపులో తిరిగే క్రాసుకు ఒక గుణం వున్నది. లోపలికి వచ్చే వేగం సమంగా వున్నా బయటికి పోయే వేగం సమంగా వుండదు. ట్రాక్టరు పీటీఓ నిమిషానికి 540 చుట్లు తిరుగుతుందనుకోండి. జాయింటు 30 డిగ్రీలు వంగి వుంటే అవతలి వేగం ఒకే చుట్టులో రెండుసార్లు 624కు ఎగిరి 468కి పడుతుంది. ఈ ఊగులాటను రెండో క్రాసు సరిచేస్తుంది. అయితే రెండు కొసల యోకులూ ఒకే వరుసలో వుండాలి, రెండు వంపులూ సమంగా వుండాలి. గట్టు దగ్గర మలుపు తిప్పేటప్పుడు పీటీఓ ఆపకుండా రోటావేటరును పైకి లేపితే వంపు ఒక్కసారి పెరుగుతుంది. అప్పుడు వినిపించే టకటక చప్పుడు క్రాసు ఏడుపు. డ్రైవర్లలో చాలామందికి ఆ చప్పుడు అలవాటై పోయింది.

క్రాసు పోతున్నదని ముందే తెలుస్తుంది. కప్పు చుట్టూ ఎర్రటి తుప్పు పొడి కనిపిస్తే లోపల గ్రీజు ఎండిపోయినట్టే. జీపును ముందుకీ వెనక్కీ మార్చినప్పుడు కింద నుంచి ‘టక్’ అన్నా, ఒక వేగం దాటాక నేల వణికినా దిగి చూడాలి. ఇంజను ఆపి షాఫ్టును చేత్తో పట్టి మెలితిప్పితే క్రాసు దగ్గర ఆట తెలిసిపోతుంది. నాట్లకు ముందు చూసుకుంటే పగటి పూట తీరిగ్గా మార్చుకోవచ్చు.

మొదటి పనిముట్టు సుద్దముక్క

ఊడదీసే ముందు షాఫ్టు రెండు ముక్కల మీదా, యోకుల మీదా ఒకే గీతలో గుర్తు పెట్టుకోవాలి. బురదలో సుద్ద నిలవదు కాబట్టి పెయింటు చుక్క గానీ, పంచితో గాటు గానీ మేలు. షాఫ్టు రెండు ముక్కలను లాగి, తిరిగి ఎక్కించేటప్పుడు వరుస తప్పితే కొత్త క్రాసులు కూడా వణుకుతాయి. ఆ వణుకుకు గేరు పెట్టె బేరింగులు బలి అవుతాయి. డబ్బు పెట్టి కొనవలసిన అవసరం లేని పనిముట్టు ఇదొక్కటే. ఎక్కువ మంది మరిచేదీ ఇదే.

తర్వాతది సర్క్లిప్పు ప్లయరు. ఇందులో రెండు రకాలు. పిడి నొక్కితే మొనలు దగ్గరకు వచ్చేది ఒకటి, దూరం పోయేది ఒకటి. చెవి రంధ్రంలోని గాడిలో కూర్చున్న క్లిప్పుకు మొనలు దగ్గరకు వచ్చే రకం కావాలి. కొన్ని జాయింట్లకు క్లిప్పు చెవి లోపలి వైపు కప్పు మీద వుంటుంది. దానికి ప్లయరు కన్నా సన్న పంచి, చిన్న సుత్తి నయం. కొనేటప్పుడు మొనలు చూసి కొనాలి. ఈ విలేఖరి ఒకసారి తిరునాళ్ళలో చౌకగా కొన్న ప్లయరు మొదటి క్లిప్పుకే మొనలు మడిచింది. ఆ క్లిప్పు మాత్రం కదలలేదు. పాత క్లిప్పులు మళ్ళీ వాడవద్దు. కొత్త క్రాసు పెట్టెలో కొత్తవి ఇస్తారు.

అసలు పనివాడు బెంచి వైసు. బల్లకు గట్టిగా బిగించిన వైసు, రెండు సాకెట్లు వుంటే ఊళ్ళో వచ్చే షాఫ్టుల్లో చాలా వాటిని పడగొట్టకుండా విప్పవచ్చు. కప్పు కన్నా కాస్త చిన్న సాకెట్టు ఒక వైపు. కప్పు మొత్తం దూరేంత పెద్దది ఎదుటి వైపు. మధ్యలో యోకు. వైసు బిగిస్తుంటే చిన్నది నెడుతుంది, ఎదుటి కప్పు పెద్దదాని లోపలికి వస్తుంది. వచ్చినంత మేర ఆ కప్పును వైసు దవడలతో పట్టి, యోకును కింద నుంచి మెల్లగా తట్టితే ఊడి వస్తుంది. యోకును తిప్పి రెండో వైపు అంతే.

ఇక్కడ ఒక మెలిక. సాకెట్టు మీద అచ్చువేసిన నంబరు లోపలి కొలత. నెట్టేదానికి మనకు కావలసింది బయటి కొలత. రోటావేటరు షాఫ్టుల్లో 27 మిల్లీమీటర్ల కప్పు తరచుగా కనిపిస్తుంది. దాన్ని నెట్టడానికి 27 నంబరు సాకెట్టు పెడితే అది చెవి రంధ్రంలో దూరనే దూరదు. 19 నంబరు సాకెట్టు బయటి కొలత సాధారణంగా 26కు అటూ ఇటూ వుంటుంది. కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి వెర్నియరుతో కొలిచి చూడాలి. ఎదుటి వైపు 32 నంబరు సరిపోతుంది. క్రాసు కొనబోయేటప్పుడు కూడా రెండు కొలతలు కావాలి: కప్పు లావు, కప్పు అంచు నుంచి ఎదుటి కప్పు అంచు దాకా పొడవు. ట్రాక్టరు పేరు చెప్పి క్రాసు అడిగితే పొరపడతారు. ఒకే ట్రాక్టరు వెనుక పది రకాల షాఫ్టులు తిరుగుతున్నాయి. పాత క్రాసునే చేతబట్టుకుని పోవడం ఉత్తమం.

స్క్రూ ప్రెస్సు, పెద్ద ప్రెస్సు

తుప్పు పట్టి బిగుసుకున్న క్రాసులకు వైసు చాలకపోవచ్చు. అప్పుడు సి ఆకారపు స్క్రూ ప్రెస్సు అక్కరకు వస్తుంది. బాల్ జాయింటు తీసే సామాను పేరుతో కూడా ఇది దొరుకుతుంది. దీని గొప్ప ఏమిటంటే షాఫ్టును బల్ల దాకా మోయనక్కర లేదు. పొలం గట్టు మీదనో, జీపు కింద పడుకునో పని చేయవచ్చు. దాన్ని కొనేవారు ఫ్రేము పోత ఇనుముదా, సాగగొట్టిన ఉక్కుదా అని చూడాలి. పోత ఇనుముది బలం పడితే నోరు తెరుస్తుంది, లేదా ఒక్కసారి విరుగుతుంది. స్క్రూ మరలకు ముందే గ్రీజు పూయాలి. పిడికి గొట్టం తొడిగి లాగరాదు.

ప్రెస్సు బాగా బిగిసి, కప్పు కదలనప్పుడు సుత్తికి అసలు పని వున్నది. బిగువు అలాగే వుంచి, చెవి పక్కన ఒకటి రెండు చిన్న దెబ్బలు. లోపల తుప్పు పట్టు విడిపోయి కప్పు ‘టప్’ మని జరుగుతుంది. ముందు రోజు రాత్రి తుప్పు నూనె పోసి వుంచితే ఇంకా తేలిక. ఒత్తిడి స్క్రూ ఇస్తుంది, కుదుపు సుత్తి ఇస్తుంది. సుత్తి ఒక్కటే రెండు పనులూ చేయబోయినప్పుడే చెవి వంగుతుంది.

పట్నం వర్క్‌షాపుల్లో పది, ఇరవై టన్నుల హైడ్రాలిక్ ప్రెస్సులు వుంటాయి. వాటిని చూసి మురిసిపోనవసరం లేదన్నది మేస్త్రీ మాట. వైసు పిడి తిప్పే చేతికి ఎక్కడ పట్టిందో తెలుస్తుంది. టన్నుల బలానికి ఆ స్పర్శ వుండదు. కప్పు కదలకపోతే చెవులు రెండూ ఒకదాని వైపు ఒకటి వంగుతాయి. చూపుకు తెలియదు. కొత్త క్రాసు ఎక్కించాక బిగుసుకుపోయినప్పుడు తెలుస్తుంది. లారీ షాఫ్టుకు అది కావాలి గానీ రోటావేటరుకు అక్కర లేదు.

మరీ మొండికేసిన క్రాసును గ్యాసుతో ఎర్రగా కాల్చేవారు వున్నారు. చెవి వంకర పోతుంది, లోపలి గ్రీజు అంటుకుంటుంది. దానికన్నా పాత క్రాసును గ్రైండరుతో మధ్యలో కోసేయడం మంచిది. ఎలాగూ పారేసేదే. కొమ్ములు విడిపోతే కప్పులను ఒక్కొక్కటిగా లోపలికి తీయవచ్చు.

కంటికి తగిలిన ముక్క

షెడ్డులో గోడకు ఒక జత ప్లాస్టిక్ కళ్ళద్దాలు వేలాడుతున్నాయి. మేస్త్రీ సుత్తి పట్టిన ప్రతిసారీ అవి పెట్టుకుంటాడు. పదిహేనేళ్ళ కిందట ఒక కప్పు మీద ఉక్కు సుత్తితో కొట్టినప్పుడు ఆవగింజంత ముక్క ఎగిరి ఎడమ కంట్లో పడింది. కప్పు గట్టి ఉక్కు, సుత్తి ముఖమూ గట్టి ఉక్కు. రెండు గట్టివి కొట్టుకుంటే ఏదో ఒకటి పెచ్చు లేస్తుంది. ముక్క తీశారు గానీ ఆ కంటి చూపు మసకగానే మిగిలింది. అప్పటి నుంచి కప్పు మీద కొట్టవలసి వస్తే మధ్యలో ఇత్తడి కడ్డీ పెడతాడు. ఇత్తడి మెత్తన, తానే నలుగుతుంది. షెడ్డులోని ఆ కడ్డీ ముఖం పుట్టగొడుగులా విచ్చుకుని వున్నది. అలా విచ్చుకున్న అంచును కూడా ఎప్పటికప్పుడు అరగదీయాలట.

జీపు దగ్గర మరొక ప్రమాదం వున్నది. పాత విల్లీస్ తరహా జీపుల్లో హ్యాండ్ బ్రేకు గేరు పెట్టె వెనుక షాఫ్టు మీదనే పట్టేది. వెనుక షాఫ్టు విప్పితే బ్రేకూ పట్టదు, గేరూ పట్టదు. బండి దొర్లుతుంది, కింద మనిషి వుంటాడు. చక్రాలకు ముందూ వెనుకా రాళ్ళు అడ్డం పెట్టిన తర్వాతనే కిందికి దూరాలి. జీపు షాఫ్టు వెనుక కొసన కప్పులను యూ బోల్టులు పట్టి వుంచుతాయి. అక్కడ ప్రెస్సుతో పని లేదు, పాన చాలు. అయితే బోల్టు వదులైన మరుక్షణం కప్పులు జారి సూదులు దుమ్ములో చల్లుకుంటాయి. రెండు కప్పులనూ కలిపి కరెంటు టేపు చుట్టేస్తే ఆ బాధ లేదు. తిరిగి బిగించేటప్పుడు అతిగా బిగిస్తే కప్పు నొక్కుకుపోయి సూదులు తిరగవు.

ఎక్కించడమే కష్టం

సాయంత్రం నాలుగు దాటాక మిర్యాలగూడ నుంచి యోకు వచ్చింది. మేస్త్రీ షాఫ్టును వైసులో పెట్టి, పెద్దాయన కొడుకును పక్కకు పిలిచాడు. “రాత్రి చేసింది నువ్వే గదా, ఇప్పుడూ నువ్వే చెయ్యి. నేను చూస్త.”

చెవి రంధ్రాలను సన్న ఎమరీ కాగితంతో తుడిచారు. కొత్త క్రాసు కప్పులు తీసి లోపల సూదులు నిలబడేంత గ్రీజు పూశారు. గ్రీజే వాటిని పట్టి వుంచుతుంది. మొదటి కప్పును చేత్తో నిటారుగా మొదలుపెట్టి, క్రాసు కొమ్మును ముందే అందులోకి దూర్చి పట్టుకున్నారు. కొమ్ము లోపల వుంటే సూదులు పడిపోవు. తర్వాత వైసు తిప్పడం. కప్పు చెవి అంచుకు సమం అయ్యాక చిన్న సాకెట్టు పెట్టి గాడి కనిపించే దాకా నెట్టారు. మొదటి క్లిప్పు పడింది.

రెండో వైపు గాడి పూర్తిగా కనిపించలేదు. వెంట్రుక వాసి తక్కువ. కుర్రవాడు పిడి మీద బలం వేయబోయాడు.

“ఆగు. సూది పడింది.”

కప్పు తిరిగి తీస్తే నిజమే. ఒక సూది విరక్కుండా కప్పు అడుగున అడ్డంగా పడుకుని వున్నది. ఇంకో అర చుట్టు తిప్పివుంటే కప్పు అడుగు పగిలేది, లేదా పగలకుండా పొలం దాకా పోయి అక్కడ పగిలేది. సూదిని నిలబెట్టి మళ్ళీ ఎక్కించారు. ఈసారి గాడి తెరుచుకున్నది. ఈ పనిలో ఏ పనిముట్టూ చెప్పని సంగతి ఇదే: గాడి కనిపించకపోతే బలం తక్కువైందని కాదు, లోపల ఏదో అడ్డం వున్నదని.

నాలుగు క్లిప్పులూ పడ్డాక జాయింటు కాస్త బిగుతుగా కదిలింది. ఇత్తడి కడ్డీతో చెవి మీద చిన్నగా తట్టితే కప్పులు క్లిప్పులకు ఆని సర్దుకున్నాయి. నాలుగు దిక్కులా చేత్తో వంచితే వంగింది. గ్రీజు గన్ను పెట్టి నాలుగు కప్పుల సీళ్ళ నుంచీ గ్రీజు తొంగిచూసే దాకా కొట్టారు. మూడింటి నుంచి వచ్చి నాలుగో దాని నుంచి రాకపోతే ఆ కొమ్ము ఎండిపోతుంది, క్రాసు మళ్ళీ అక్కడే పోతుంది. గ్రీజు నిపిల్ షాఫ్టు ట్రాక్టరుకు తగిలించిన తర్వాత గన్నుకు అందే వైపు వుండేలా ముందే చూసుకున్నారు. పెయింటు గుర్తులు కలిపి షాఫ్టు రెండు ముక్కలూ తొడిగారు. మొత్తం పని గంటకు లోపే.

కొనవలసిన వరుస ఏమిటని అడిగితే మేస్త్రీ ఇలా చెప్పాడు. ఇంట్లో ఒక ట్రాక్టరు వున్నవారికి మంచి సర్క్లిప్పు ప్లయరు, గ్రీజు గన్ను, ఇత్తడి కడ్డీ, కళ్ళద్దాలు చాలు. విప్పడానికి షెడ్డు వున్నది. రెండు మూడు బండ్లు తిప్పేవారు వైసు, సాకెట్లు పెట్టుకుంటే సీజనులోనే ఖర్చు తిరిగి వస్తుంది. స్క్రూ ప్రెస్సు ఒక్కొక్కరూ కొనడం దండగ, నలుగురు కలిసి ఒకటి కొనవచ్చు. ఆ చివరి మాట ఈ విలేఖరికి మాత్రం కొంచెం అనుమానమే. ఊరుమ్మడి సామాను నాట్ల రోజున ఎవరింట్లో వుంటుందో అందరికీ తెలిసిందే.

షాఫ్టు మీద వుండవలసిన ప్లాస్టిక్ తొడుగు ఆ గోనెసంచిలో లేదు. ఎక్కడన్నది మేస్త్రీ అడిగాడు. క్రాసుకు గ్రీజు పెట్టడానికి అడ్డం వస్తున్నదని కిందటేడే తీసి పారేశారట. సెకనుకు తొమ్మిది చుట్లు తిరిగే షాఫ్టుకు లుంగీ అంచో, కండువా కొసో చుట్టుకుంటే చెయ్యి వెనక్కు తీసుకునే వ్యవధి వుండదు. షెడ్డులో వేరే షాఫ్టుకు చెందిన పాత తొడుగు ఒకటి వుంటే కొలత చూసి, గొలుసు కట్టి తగిలించి ఇచ్చాడు. దానికి డబ్బు తీసుకోలేదు.

చీకటి పడే వేళకు మోటారు సైకిలు కదిలింది. షాఫ్టు మళ్ళీ గోనెసంచిలో, పెద్దాయన ఒడిలో. రాత్రికి దమ్ము పూర్తి చేసి, తెల్లారి మిగిలిన కూలీలను బతిమాలి తెచ్చుకోవాలి. కొడుకు బండిని పది గజాలు పోనిచ్చి ఆపి, వెనక్కి తిరిగి అడిగాడు: “మేస్త్రీ, నెట్టేదానికి పంతొమ్మిదే గదా?”